కనకం వద్దన్నవాళ్లు

ఆ ఏడు వానలు పట్టుకున్నాక బొగ్గులు సరిగా రాజుకోలేదు. పంజాగుట్టలో మేం ఇస్త్రీ చేసే అపార్ట్‌మెంటు మెట్ల కిందికి నీళ్లు వచ్చేవి. నాలుగు ఇటుకలు పేర్చి వాటి మీద బొగ్గుల బస్తా పెట్టేవాణ్ణి. బల్లకి అటువైపు నా భార్య లీలాకుమారి నిలబడి బట్టలు మడతపెట్టేది. పాడుకుంటూ పెట్టేది. చీరకి ఒక పాట, చొక్కాకి ఒక పాట. ఇరవై ఏళ్లు చర్చి క్వయర్లో వెనక వరసలో నిలబడి నేర్చుకున్న పాటలు. ముందు వరస ఎప్పుడూ ఫెయిత్ గారిదే. చర్చికి కీబోర్డు కొనిచ్చింది వాళ్లు.

నేను మార్కింగు పెన్నుతో ప్రతి కాలరు లోపలా ఫ్లాటు నంబరు వేస్తాను. పాత పెళ్లికార్డులు ముక్కలు చేసి మడతపెట్టిన చొక్కా కాలరు కింద ఒకటి దూరుస్తాను. కాలరు వాలిపోకుండా నిలబడుతుంది. ఈ కార్డు పద్ధతి నాది. లీల కూడా నేర్చుకుంది.

రెండో అంతస్తులో భానుశ్రీ అనే అమ్మాయి ఉండేది. టీవీ సీరియళ్లలో వేషాలు వేసేవాళ్ల బట్టలు చూసే పని. జూన్ చివర్లో ఒకరోజు ఆరు జరీ చీరలు తెచ్చి బల్ల మీద పెట్టి, వెళ్లకుండా నిలబడింది.

"అక్కా, ఇప్పుడు పాడింది ఇంకోసారి పాడు," అంది.

లీల సిగ్గుపడలేదు. పాడింది.

"మా సీరియల్లో చిన్న వేషం ఒకటుందక్కా. పాత నాటకాల కంపెనీ వాళ్లు మళ్లీ ఒక్కటై పాటల నాటకం ఒకటి తయారుచేస్తుంటారు. అందులో వేషాల పెట్టెలు చూసే ఆవిడ. రెండు మూడు రోజుల పనే. మా డైరెక్టర్ గారికి నిన్ను చూపిస్తా. వస్తావా?"

లీల నా వైపు చూసింది.

"నీ ఇష్టం," అన్నాను.

మా ఇంట్లో నీ ఇష్టం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. అయినా వెళ్లింది.

సీరియల్ పేరు మూడో గంట. నాటకానికి తెర లేచే ముందు కొట్టే గంట అది. రోజూ సాయంత్రం ఏడింటికి వచ్చేది. లీల వేసిన మనిషి పేరు కనకం. నాయిక వేషం కట్టే చిన్నపిల్ల అంటే కనకానికి గిట్టదు. మొదటి వారం కనకం ఆ పిల్ల గజ్జెలు దాచిపెట్టింది. రెండో వారం కంపెనీ పాటల పుస్తకం పొయ్యిలో పెట్టింది. పెట్టి, నవ్వింది. ఆ నవ్వుతో రెండు మూడు రోజుల పని కాస్తా వారంలో నాలుగు రోజుల పనైంది. తెల్లారేసరికి బల్కంపేటలో మా సందు చివరికి వాళ్ల కారు వచ్చేది.

మెట్ల కింద కనకం గురించి తప్ప మాట లేదు.

"గా కనకం చేతులు ఇరగ!" అనేది వజ్రమ్మ. నాలుగు ఫ్లాట్లలో అంట్లు తోమి, పని అయ్యాక మా దగ్గర మెట్టు మీద కూర్చుని టీ తాగిపోయేది. "పాటల పుస్తకం పొయ్యిల పెట్టింది సూడు సాలమన్నా. నా కడుపు మండింది. నిన్న అన్నం సుత తినలే."

"నాకైతే బీపీ పెరిగింది వజ్రమ్మా," అన్నారు మూడువందల ఒకటి అరుణాదేవి గారు. చీరలు ఇవ్వడానికి వచ్చి అరగంట నిలబడేవారు. "ఆ నవ్వేంటి దానికి? చెప్పు తీసి టీవీ మీదికి విసరబోతే మా వారు చెయ్యి పట్టుకున్నారు. టీవీ కట్టేయవే అంటారు. ఎలా కట్టేస్తాం? రేపు ఇంకేం చేస్తుందో తెలియొద్దూ?"

"గామె మొగుడు ఎవడోగాని, ఎట్ల ఏగుతుండో పాపం."

నేను చొక్కా తిరగేసి రెండోవైపు రుద్దాను.

వాళ్లెవరికీ తెలియదు. టీవీలో లీలకి నెరిసిన విగ్గు, రవ్వల ముక్కుపుడక, నోట్లో తాంబూలం. మెట్ల కింద కళ్లజోడు, నూనె జడ. షూటింగు రోజుల్లో చెల్లెలి ఇంటికి వెళ్లిందని చెప్పేవాణ్ణి. అది లీల మాటే.

"చెప్పకయ్యా. తెలిస్తే తిట్టడం మానేస్తారు. మొహమాటానికి బావుందంటారు. నాకు వాళ్ల తిట్లే కావాలి," అంది.

సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కోకుండానే అడిగేది.

"ఇవాళ ఏమన్నారు?"

"ఎవరు?"

"మెట్ల కింద వాళ్లు."

"ఏమీ అనలేదు."

"అసలు చూస్తున్నారా?"

"ఏమో."

గోడకున్న చిన్న అద్దం ముందు నిలబడేది. నవ్వు సరిపోలేదేమో అనుకుంటూ నవ్వి చూసుకునేది. ఒకసారి కింది పెదవి ఒక్కటే కదిపి, ఒకసారి కళ్లతో. వజ్రమ్మ అన్నం తినలేదు అని ఒక్క ముక్క చెబితే చాలు, ఆ మనిషి నేల మీద నిలబడేది కాదు. నాకు తెలుసు. కట్టుకున్నదాన్ని ఊరంతా తిడుతుంటే ఆ తిట్లు మోసుకొచ్చి దానికే ఇస్తానా అనుకున్నాను. అలా అనుకుంటే నాకు బాగానే ఉండేది.

చర్చిలో మాత్రం గొంతుని బట్టి గుర్తుపట్టారు. బోనాల రద్దీ తగ్గాక వచ్చిన ఆదివారం, ఆరాధన అయ్యాక ఫెయిత్ గారు మా దగ్గరికి వచ్చారు.

"లీలాకుమారీ, పిల్లలు చూస్తున్నారమ్మా. నిన్న పాటల పుస్తకం తగలబెట్టిన మనిషి ఇవాళ ఇక్కడ నిలబడి స్తుతి పాట పాడితే ఏం బావుంటుంది చెప్పు? ఆ సీరియల్ అయ్యేదాకా కింద కూర్చుని వినమ్మా."

"అది వేషమండీ."

"మాకు తెలుసు. చూసేవాళ్లకు తెలియాలి కదా. ఏం సాలమన్ గారూ?"

నేను చెప్పులు వెతుక్కుంటున్నాను.

అమీర్‌పేట మెట్రో కింద నుంచి నడిచి వస్తుంటే లీల అంది. "నువ్వొక్క మాట అనుంటే బావుండేది."

"ఏమనను?"

 ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆమె ఆడవాళ్ల వైపు మూడో బల్ల మీద కూర్చుంది. పాటల పుస్తకం తెరిచి పెట్టుకునేది. పెదవులు కదిపేది కాదు.

సెప్టెంబరు మొదట్లో ఒక సాయంత్రం గొడుగు ముడవకుండానే లోపలికి వచ్చింది. నీళ్లు చాప మీద కారుతున్నాయి.

"ఏమయ్యా, వింటున్నావా? కనకం ఎందుకిలా అయిందో చెప్తారంట. వయసులో ఉన్నప్పుడు కనకం కట్టిన పాట ఇంకొకావిడ పేరు పెట్టి పాడించారంట. ఆఖరి రోజు నాటకం ఆడతారు కదా, మూడో గంట కొట్టి తెర లేచాక స్టేజీ మీద కనకమే నిలబడి ఆ పాట పాడుద్ది. మొత్తం పాట. నా గొంతే. ఇవాళ రికార్డింగు కూడా అయిపోయింది. కెమెరా ముందు నిలబడి పాడేదొక్కటే మిగిలింది."

 ఇరవై ఏళ్లలో మొదటిసారి ముందు వరస. అది నాకు వినపడింది.

"బొగ్గులు తడిసినాయి," అన్నాను. "రేపు కొత్త బస్తా తేవాలి."

లీల గొడుగు ముడిచి మేకుకి తగిలించింది. "తెద్దాంలే," అంది.

రెండు రోజులు పోయాక ఇంకో మాట చెప్పింది. అంత చెడ్డ మనిషి చేత ఆఖరి పాట పాడిస్తే జనం ఊరుకుంటారా అని చానెల్ వాళ్లకి అనుమానం వచ్చిందట. ఊళ్లో పదహారు అపార్ట్‌మెంట్లకి కార్డులు పంపిస్తున్నారట. జనం ఉంచమంటేనే కనకానికి ఆ పాట. వద్దంటే ముందే కంపెనీ నుంచి గెంటేస్తారు, వేషం అక్కడితో సరి.

"మన బిల్డింగు వాళ్లు ఏమంటారంటావ్?"

"నాకేం తెలుసు."

కార్డులు మా దగ్గరికీ వచ్చాయి. చానెల్ తరఫున కేదార్ అని ఒకతను అట్టడబ్బా చంకలో పెట్టుకుని, తడిసిన ప్యాంటుతో మెట్ల కిందికి వచ్చాడు.

"అన్నా, మీ బిల్డింగుల నలభై ఫ్లాట్లున్నయి. నేను బెల్లు కొడితే ఒక్కలు తలుపు తీస్తలేరు. నువ్వు బట్టలకు ఇంటింటికి పోతవ్ గద. జర గీ కార్డులు ఇచ్చి, మల్ల తీసుకొని గీ డబ్బాల ఎయ్యి. సోమవారం వచ్చి పట్టుకపోత."

కార్డు మీద పైన కనకం బొమ్మ. కింద రెండు గళ్లు. ఒకదాని పక్కన ఉంచాలి, రెండోదాని పక్కన వద్దు. అడుగున మీ మాట అని రాసి ఒక ఖాళీ గీత.

బట్టల మూటతో పాటు ఇంటికొకటి ఇచ్చాను. మళ్లీ అడగడానికి వెళితే చాలామంది కార్డు ఉన్నది ఉన్నట్టే తిరిగి ఇచ్చారు. "ఏదో ఒకటి నువ్వే కొట్టెయ్ సాలమన్," అన్నారు. పదకొండు ఇళ్లవాళ్లు మాత్రం రాసి ఇచ్చారు. వజ్రమ్మ కూడా అడిగింది.

"నాకో కార్డియ్యరా? అంట్లు తోమెటోళ్లం సూస్తలేమా సీరియల్?"

కేదార్ ఒకటి ఎక్కువ ఇచ్చాడు. తీశాను.

"నాకు రాయరాదు. నువ్వే రాయి. కనకం ఉండాలె. గామె లోపల ఏందో బాధ ఉన్నది. ఏడ్వలేనోళ్లే గట్ల నవ్వుతరు. రాసినవా? కింద నా పేరు సుత పెట్టు."

రాశాను. పేరు పెట్టాను.

ఆ మధ్యాహ్నం వాన గట్టిగా పడుతోంది. లీల షూటింగులో ఉంది. మెట్ల కింద ఎవరూ లేరు. డబ్బాలో వేసేముందు ఆ పదకొండు కార్డులూ చదివాను. రెండు మాత్రం వద్దు. మిగిలిన తొమ్మిదీ ఉంచాలి. అరుణాదేవి గారి కార్డు మీద గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: ఈవిడ లేకపోతే ఇక చూడ్డానికేముంది? ఆ నవ్వు కోసమే ఏడింటికి వంట ఆపి కూర్చుంటున్నాను. నాలుగో అంతస్తు ముసలాయన రాశారు: అసలైన నటి.

రెండు నెలలుగా, లీలకి ఏమీ చెప్పకపోవడానికి వాళ్ల తిట్లు నాకు సాకుగా ఉన్నాయి. ఆ కార్డులతో వాళ్లు ఆ సాకు తీసేశారు.

ఖాళీవి ఇరవై తొమ్మిది. మార్కింగు పెన్ను చేతిలోనే ఉంది. మొదటిదాని మీద వద్దు గడిలో కొట్టాను. తర్వాతది. తర్వాతది. తడి చేత్తో పట్టుకుంటే అట్ట మెత్తబడుతోందని గుడ్డతో చెయ్యి తుడుచుకుని మళ్లీ కూర్చున్నాను. ఒక్కో కార్డు మూలన, కాలరు లోపల వేసినట్టే, చిన్నగా ఫ్లాటు నంబరు కూడా వేశాను. ఎవరూ వేయమనలేదు. చేతికి అలవాటు. మీ మాట అన్న గీత మీద ఏమీ రాయలేదు.

అన్నీ డబ్బాలో వేసి, మైదా ఉడికించిన జిగురుతో మూత మీద కాగితం అంటించాను. సోమవారం కేదార్ తీసుకుపోయాడు. "మస్తు పని చేసినవన్నా," అన్నాడు.

పది రోజులకి భానుశ్రీ బట్టలు లేకుండా కిందికి వచ్చింది. లీల ఆరోజు బల్ల దగ్గరే ఉంది.

"అక్కా, కనకం ఉంటుంది. ఆఖరి పాటా ఉంటుంది." ఆమె లీల మొహం వైపు చూడలేదు. "కానీ నువ్వు కాదక్కా. ఆఖరి వారానికి జనానికి తెలిసిన మొహం కావాలంటున్నారు. ఇకనుంచి కనకంగా ఈవిడ అని తెర మీద వేసి, రేపటి నుంచి వేరే ఆవిడని చూపిస్తారు. పాట మాత్రం నీ గొంతే వాడుకుంటారట."

లీల చేతిలో సగం మడిచిన దుప్పటి ఉంది. మిగిలిన సగం మడిచింది.

"జనం నన్ను వద్దన్నారా?"

"అదేం చెప్పలేదక్కా."

"మన బిల్డింగు వాళ్లు ఏం రాశారో," అంది లీల నా వైపు తిరిగి.

ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు మసకబారాయి. మూత తెరిచి ఊదాను.

నాటకం ఆడిన ఎపిసోడు సెప్టెంబరు ఆఖరి శుక్రవారం వచ్చింది. ఇంట్లో ఇద్దరం చూశాం. మూడో గంట మోగింది. తెర లేచింది. పట్టుచీర కట్టుకున్న తెల్లటి మనిషి నోరు తెరిచింది, నా భార్య గొంతు వచ్చింది. పాట సగంలో లీల లేచి వెళ్లి పొయ్యి మీద అన్నం చూసింది. ఉడకడానికి ఇంకా టైముంది. అయినా అక్కడే నిలబడింది.

మర్నాడు పొద్దున మెట్ల కింద అరుణాదేవి గారు కళ్లు తుడుచుకుంటూనే చెప్పారు.

"చూశావా లీలా, కనకం పాట? ఏం గొంతమ్మా ఆ కొత్తావిడది! నాకైతే ఏడుపాగలేదు. ఆ పాతావిడే ఉండుంటే ఇంత బాగా పాడగలిగేదా?"

"అవునండి," అంది లీల.

"ఏమోనమ్మా," అంది వజ్రమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి. "పాట మంచిగనే ఉన్నది. కానీ గా పాతామెనే కనకం. గీమె నవ్వితే ఏం కాలే నాకు."

లీల చేతులు ఆగాయి. "పాతామె అంత బావుండేదా?"

"బావుండుడా? అన్నం తిననియ్యలే మమ్ముల. మూడు నెలలు గీ మెట్ల మీదనే రోజూ తిట్టుకున్నం గద. నువ్వెప్పుడు జూసినా మీ చెల్లెలింటికాడ ఉంటివి. నీకు చెప్పలేదా? అడుగు మీ ఆయన్ని. అన్నీ ఇనుకుంట ఈడనే ఉన్నడు."

లీల తల తిప్పి నన్ను చూసింది. కోపంగా కాదు. తెలియనివాళ్ల చొక్కా మా మూటలో కలిసినప్పుడు నంబరు కోసం కాలరు తిప్పి చూస్తుందే, అలా చూసింది.

ఆ సాయంత్రం ఆమె ఏమీ అడగలేదు. మొదటిసారి నాకు చెప్పాలనిపించింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

తర్వాతి గురువారం నేను మూటలు ఇచ్చి మెట్లు దిగుతుంటే కింద భానుశ్రీ మాట వినపడింది. "సెట్టు సర్దుతుంటే కనపడ్డాయక్కా. పదహారు డబ్బాలూ మూలన అట్లాగే పడున్నాయి. ఒక్కటీ విప్పలేదు. మొహం మార్చాలని వాళ్లు ముందే అనుకున్నారు, కార్డులన్నీ ఉత్త ఆర్భాటం. ఇది మన బిల్డింగుది. నిన్ను గురించి మనవాళ్లు ఏమన్నారో చూసుకుంటావని తెచ్చా."

నేను అంటించిన కాగితం చెదరకుండా ఉంది. చివరన మైదా జిగురు ఎండి తెల్లగా కనపడుతోంది. లీల ఆ డబ్బాని బట్టల మూటతో పాటు నెత్తిన పెట్టుకుని బల్కంపేట దాకా నడిచింది. నేను వెనకాల నడిచాను. నేను తీసుకుంటానంటే ఇవ్వలేదు.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో ప్రభువు సంస్కారం. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షారసం ఇస్తారు. నా తెల్ల చొక్కా లీల ఎప్పటిలాగే ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. విప్పుతుంటే కాలరు కింద నుంచి అట్ట జారి పడింది. పెళ్లికార్డు ముక్క కాదు. పైన కనకం నవ్వుతోంది. వద్దు గడిలో నేను కొట్టిన గుర్తు. మూలన 104.

లీల అద్దం ముందు జడ వేసుకుంటోంది. "టైమవుతోంది," అంది.

చర్చిలో మగవాళ్లు ఎడమవైపు, ఆడవాళ్లు కుడివైపు కూర్చుంటాం. ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే వాళ్లతో సమాధానపడి ఈ బల్ల దగ్గరికి రండి అని పాస్టరు గారు ప్రతిసారీ చెప్పే మాట చెప్పారు. రొట్టె పళ్లెం మా వరసలోకి వచ్చింది. తీసుకోకుండా పక్కాయనకి అందించాను. ద్రాక్షారసం గిన్నెల పళ్లెం వచ్చింది. అదీ అందించాను. పక్కాయన, ఒంట్లో బాలేదా అన్నట్టు చూశాడు. నడవకి అవతల మూడో బల్ల మీద నుంచి లీల చూస్తోంది. నేను పళ్లెం వదిలేదాకా చూసి, తర్వాత తన వంతు రొట్టె తీసుకుంది.

వజ్రమ్మ కార్డూ, ఉంచాలన్న ఆ తొమ్మిది కార్డులూ లీల బైబిల్లో ఉన్నాయి. ఒకసారి పేజీలు తిప్పుతుంటే చూశాను. వజ్రమ్మ కార్డు మీద ఉన్నదీ నా చేతిరాతే. ఆ ఇరవై తొమ్మిదీ వేరే పెట్టింది. ప్రతి నెలా మొదటి ఆదివారం ఒకటి నా చొక్కాలో ఉంటుంది. ఇప్పటికి మూడయ్యాయి.

మొన్న క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకి రమ్మని ఫెయిత్ గారు స్వయంగా మా గదికి వచ్చారు. సీరియల్ అయిపోయింది కదా, ఈసారి ఒక పాట ముందు నిలబడి పాడమన్నారు.

"గొంతు ఇచ్చేశానండీ," అంది లీల. ఆవిడకి అర్థం కాలేదు. టీ తాగి వెళ్లిపోయారు.

లీల ఇప్పుడు రోజూ బల్ల దగ్గరే ఉంటుంది. పాడదు. మధ్యాహ్నం దాటాక ఇంటికి వెళ్లి వంట చూస్తుంది. సాయంత్రం నేను మూటలు దించి, చెప్పులు విప్పకముందే చెబుతాను. ఇవాళ వజ్రమ్మ మళ్లీ కనకం మాట ఎత్తింది అని. కొత్త సీరియల్లో ఎవరూ కనకంలా లేరని అరుణాదేవి గారు అన్నారని. నాలుగో అంతస్తు ముసలాయన అడిగారు, ఆ మొదటావిడ ఏమైంది అని. ఒక్క మాట పోకుండా చెబుతాను. ఆమె కూర తరుగుతూ వింటుంది.

"బొగ్గులు తడిసినాయేమో చూడు," అంటుంది.

వానలు వెళ్లిపోయి నెల దాటింది.